చెట్టు కోసే మిషన్ మీద అంత అభిమానం ఎందుకు? చైన్‌సా చరిత్ర, కోత కూలీల లెక్క



పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకొని చదవండి. ఈ గ్రూపులో భూమి గురించి, జీవోల గురించి, మన వీరుల గురించి చాలా పోస్టులు వచ్చాయి. పనిముట్ల గురించి మాత్రం తక్కువ. మన తాతల చేతుల్లో పుస్తకం లేదు, పనిముట్టే ఉంది కదా. మేం హాస్టల్ వాళ్లం, చాలామందిమి ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లం, కలిసి కూర్చొని ఒక పనిముట్టు చరిత్ర చదివాం. అది చైన్‌సా. మన ఊళ్లలో కటింగ్ మిషన్ అంటారు.

జామాయిల్ తోట కోతకొచ్చినప్పుడు మిషన్ పట్టే మనిషిని "ఏ కంపెనీది మంచిదన్నా?" అని అడిగి చూడండి. తడుముకోకుండా ఒకే పేరు చెప్తాడు. ఇంకో కంపెనీది ఊరికే ఇచ్చినా పట్టనంటాడు. పక్క ముఠా మేస్త్రి ఇంకో పేరు చెప్తాడు, అంతే గట్టిగా. ఇది మన దగ్గరే కాదు. అమెరికా పడమటి తీరంలో, కెనడాలో, స్వీడన్‌లో, జర్మనీలో కోత కూలీలు డెబ్బై ఏళ్లుగా ఇదే వాదన పెట్టుకుంటున్నారు. దూరం నుంచి చూసేవాళ్లకు సినిమా హీరోల అభిమాన సంఘాల గొడవలా ఉంటుంది. చదివే కొద్దీ మాకు వేరే సంగతి కనపడింది. ఆ అభిమానం కింద ఒక కూలి లెక్క ఉంది. ఆ లెక్క ఏంటో, దాంట్లో ఎవరికి ఏం మిగిలిందో చెప్పడానికే ఈ పోస్టు.

1. మిషన్ రాకముందు

వందేళ్ల కిందటి దాకా ప్రపంచమంతా చెట్టు కొట్టే పద్ధతి దాదాపు ఒకటే. గొడ్డలి, ఇద్దరు పట్టి లాగే రంపం. అమెరికా పసిఫిక్ తీరంలో చెట్ల మొదళ్లు ఎంత లావంటే, మాను చుట్టూ గాట్లు పెట్టి, వాటిలో పలకలు దూర్చి, ఆ పలకల మీద నిలబడి ఇద్దరు మనుషులు పెద్ద రంపాన్ని గంటల తరబడి లాగేవాళ్లు. ఆ క్యాంపుల్లో రంపాలకు పదును పెట్టడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. అతనికో చిన్న షెడ్డు, మంచి జీతం. రంపం మొద్దుబారితే ఆ రోజు కూలి పోయినట్టే కాబట్టి కోసేవాళ్లకు అతనంటే ప్రాణం.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన దగ్గర గొడ్డలి ఏ కొలిమిలో చేయించారన్నది ముఖ్యం. ఒక ఊరోళ్లు ఒకే కమ్మరి దగ్గరికి తరతరాలు పోయేవాళ్లు. ఏడాదికింత ధాన్యం కొలిస్తే, అలుగు అరిగితే సాగగొట్టి, నీళ్లు పట్టి, సాన పెట్టి ఇచ్చేవాడు. నడిచిపోయే దూరంలో కొలిమి ఉండాలి, పని ఆగకూడదు, మన చేతి వాటం అతనికి తెలిసుండాలి. మనవాళ్ల నమ్మకం ఇనుము మీద కాదు, ఆ ఇనుమును మళ్లీ పనికొచ్చేలా చేసే మనిషి మీద. ఈ మాట గుర్తు పెట్టుకోండి. కంపెనీల కథ అంతా దీని మీదే నడుస్తుంది.

2. ఇద్దరు మోసిన మిషన్

జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ అనే ఇంజనీరు 1926లో స్టుట్‌గార్ట్ దగ్గర సొంత కంపెనీ పెట్టి కరెంటుతో నడిచే చైన్‌సా తయారుచేశాడు. ఇద్దరు మనుషులు పట్టాల్సిన మిషన్ అది. అడవిలో కరెంటు ఎక్కడిది? అది ఎక్కువగా కలప డిపోల్లోనే పనికొచ్చింది. 1927లో ఎమిల్ లెర్ప్ అనే మరో జర్మన్ పెట్రోలు ఇంజనుతో చైన్‌సా చేసి, తురింగియా ప్రాంతంలో డోల్మార్ అనే కొండ మీద పరీక్షించాడు. తర్వాత కంపెనీకి ఆ కొండ పేరే పెట్టుకున్నాడు. ఆ మిషన్ బరువు 58 కిలోలు. 1929లో స్టిల్ కూడా పెట్రోలు మిషన్ తెచ్చాడు. అది 46 కిలోలు.

ఒక బియ్యం బస్తాను ఇద్దరు చెరో పక్క పట్టుకొని, అది అదురుతూ అరుస్తూ ఉంటే, కొండ వాలు మీద నిలబడి చెట్టు కోయడం ఊహించుకోండి. మిషన్ వచ్చింది కాబట్టి పని తేలికైపోయింది అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. మొదటి ముప్పై ఏళ్లు చాలామంది కూలీలు చేతి రంపమే నయమన్నారు. అది వాళ్ల మూర్ఖత్వం కాదు, అప్పటి మిషన్ నిజంగానే అలా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ మిషన్లు బయటి దేశాలకు ఆగిపోయాయి. అమెరికా, కెనడా కంపెనీలు సొంతంగా చేయడం మొదలుపెట్టాయి. చేతి రంపాలకు పేరున్న డిస్టన్ కంపెనీ ఇద్దరు పట్టే మిషన్ చేసి అమెరికా సైన్యానికిచ్చింది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆండ్రియాస్ స్టిల్ నాజీ పార్టీ సభ్యుడు, ఎస్ఎస్‌లో కూడా ఉన్నాడు. యుద్ధకాలంలో అతని ఫ్యాక్టరీలో బలవంతంగా తెచ్చిన కూలీలు పనిచేశారు. యుద్ధం తర్వాత మిత్రరాజ్యాలు అతన్ని కొన్నాళ్లు నిర్బంధంలో ఉంచాయి. ఒక పనిముట్టు మంచిది కావచ్చు. దాన్ని చేసిన చోట అన్యాయం లేదని మాత్రం దానికి అర్థం కాదు.

3. పురుగు నేర్పిన పాఠం, ఒక్కడి చేతికొచ్చిన మిషన్

యుద్ధం అయ్యాక రెండు మార్పులు కథను మలుపు తిప్పాయి.

మొదటిది చైన్. పాత చైన్ పళ్లు చేతి రంపం పళ్లలాగే ఉండేవి. మాటిమాటికి మొద్దుబారేవి, పదును పెట్టడం పెద్ద పని. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కోత కూలీ 1946లో ఒక మొద్దులో కలప తొలిచే పురుగును గమనించాడు. వేలంత లావు పిల్ల పురుగు అది. నారకు నిలువుగానూ, అడ్డంగానూ, ఎటు కావాలంటే అటు తొలుచుకుంటూ పోతోంది. దాని దవడలు రెండు ఇంగ్లీషు సి అక్షరంలా వంగి, ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ కోస్తున్నాయి. అదే ఆకారంలో ఉక్కుతో పళ్లు చేసి, ఎడమ పన్ను, కుడి పన్ను మార్చి మార్చి చైన్‌కు పెట్టాడు. 1947లో ఇంటి కింది గదిలో అమ్మకం మొదలైంది. ఇప్పటి చైన్ కూడా అదే పద్ధతి. గుండ్రటి ఆకురాయి ఒకటి జేబులో ఉంటే చాలు, కోసేవాడే అక్కడికక్కడ పదును పెట్టుకోవచ్చు. మనలో ఎవరు అడవికి పోయినా ఆ పురుగును చూసే ఉంటారు. అక్షరం రాని కూలీ కూడా చూసే దాన్ని చూసి ఒక కూలీ ఈ పని చేశాడు. సైన్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

రెండోది బరువు. 1949లో అమెరికాలో మెకల్లాక్ కంపెనీ ఒక్క మనిషి పట్టే మిషన్ తెచ్చింది, 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. 1950లో స్టిల్ కూడా ఒక మనిషి పట్టే పెట్రోలు మిషన్ తెచ్చింది. ఎటు వంచినా ఆగని కార్బురేటర్ రావడంతో ఇంజనును నిటారుగా పట్టుకోవాల్సిన బాధ పోయింది. 1959లో స్టిల్ కాంట్రా అనే మోడల్ దించింది. గేర్లు లేకుండా ఇంజను నేరుగా చైన్‌ను తిప్పేది, బరువు సుమారు 12 కిలోలు. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆ కంపెనీకి పేరు తెచ్చింది అదే. సరిగ్గా అదే ఏడాది స్వీడన్‌లో హస్క్‌వర్నా తన మొదటి చైన్‌సా అమ్మింది. 1689లో రాజు సైన్యానికి తుపాకులు చేయడానికి మొదలైన ఫ్యాక్టరీ అది. స్వీడన్‌లోనే యోన్‌సెరెడ్ అనే ఇంకో కంపెనీ అంతకు అయిదేళ్ల ముందే, 1954లో, ఈ రంగంలోకి దిగింది.

సోవియట్ యూనియన్‌లో మాత్రం కథ వేరు. 1955 నుంచి ద్రుజ్బా అనే మిషన్ లక్షల్లో తయారైంది. ద్రుజ్బా అంటే స్నేహం. బజారులో ఎంచుకోవడానికి ఇంకో కంపెనీ లేదు, మిషన్ కూలీ సొంతం కాదు, ప్రభుత్వ అటవీ సంస్థది. ఏది కొనాలన్న వాదన అక్కడ పుట్టే అవకాశమే లేదు. ఒకే మిషన్, బాగుంటే అదే, పాడైతే అదే. దీన్ని పక్కన పెట్టుకొని చూస్తే పడమటి దేశాల్లో అభిమానం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. మిషన్ కూలీ సొంత డబ్బుతో కొన్నచోట పుట్టింది.

4. అభిమానం కింద ఉన్న లెక్క

అమెరికాలో, కెనడాలో, స్వీడన్‌లో అప్పట్లో కోత కూలీకి రోజు కూలి కాదు, కోసిన కలపను కొలిచి ఇచ్చేవాళ్లు. ఎంత కోస్తే అంత. మన దగ్గర టన్ను లెక్క, మోపు లెక్క ఉన్నట్టే. దానికి తోడు చాలాచోట్ల మిషన్, పెట్రోలు, చైన్, ఆకురాయి అన్నీ కూలీవే. అలాంటప్పుడు మిషన్ ఒక్క పూట ఆగిందంటే ఆ పూట కూలి సున్నా, పైగా రిపేరు ఖర్చు మీద పడుతుంది.

ఇప్పుడు ఆ మనిషి స్థానంలో మనం ఉండి ఆలోచిద్దాం. మిషన్ కొనేటప్పుడు ఏం చూస్తాం?

ముందు డీలరు ఎంత దూరంలో ఉన్నాడో చూస్తాం. పొద్దున క్లచ్ పోతే సాయంత్రానికి వేసిచ్చేవాడు కావాలి. స్టిల్ కంపెనీ దశాబ్దాల పాటు పెద్ద పెద్ద సూపర్ బజార్లకు ఇవ్వకుండా, రిపేరు చేయగల డీలర్ల దగ్గరే మిషన్లు అమ్మింది. ఆ కంపెనీకి పాతుకుపోయిన అభిమానానికి ఇంజను ఎంత కారణమో ఇదీ అంతే. మన కమ్మరి పద్ధతే కదా ఇది.

తర్వాత సామాన్లు. ఒకే కంపెనీవి రెండు మిషన్లుంటే ఒకదాని బార్ ఇంకోదానికి సరిపోవచ్చు, చచ్చిపోయిన పాత మిషన్‌లోంచి స్ప్రింగు, నాబు, మూత పీకి కొత్తదానికి వేసుకోవచ్చు. తమ్ముడికి కూడా అదే కంపెనీది కొనిపిస్తే ఇంట్లో ఇద్దరికీ ఒకే డబ్బా సామాను. స్వీడన్‌లోనో అమెరికాలోనో తండ్రి, కొడుకు, మనవడు ఒకే రంగు మిషన్ పట్టారంటే సగం కారణం ఈ సామాన్ల డబ్బా.

ఆ తర్వాత చేతి అలవాటు. బటన్ ఎక్కడుంది, చోక్ ఎన్ని మెట్లు లాగాలి, వేడెక్కాక ఎన్ని లాగులకు స్టార్ట్ అవుతుంది, బరువు ముందుకు వాలుతుందా వెనక్కి వాలుతుందా. చెట్టు ఒరుగుతున్నప్పుడు ఆలోచించే టైం ఉండదు, చెయ్యి దానంతటదే పోవాలి. కొత్త మిషన్ మీద ఆ అలవాటు రావడానికి పట్టే రోజుల్లో కూలి తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. అందుకే "ఊరికే ఇచ్చినా వద్దు" అంటాడు.

మరి మిషన్ల మధ్య తేడాయే లేదా అంటే, ఉంది. ఇప్పటి రెండు పెద్ద కంపెనీల మోడళ్లే తీసుకుందాం. స్టిల్ ఎంఎస్ 462 ఇంజను 72.2 సీసీ, 4.4 కిలోవాట్లు, బార్, చైన్ లేకుండా 6 కిలోలు. హస్క్‌వర్నా 572 ఎక్స్‌పీ 70.6 సీసీ, 4.3 కిలోవాట్లు, 6.6 కిలోలు. బలం దాదాపు సమానం, బరువులో 600 గ్రాములు తేడా. 2019లో స్టిల్ కార్బురేటర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిన ఎంఎస్ 500ఐ తెచ్చింది. 79.2 సీసీ, 5 కిలోవాట్లు, బరువు 6.2 కిలోలే. ఇవి చిన్న తేడాలు కావు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వందలసార్లు ఎత్తి దించేవాడికి 600 గ్రాములంటే నడుముకు తెలుస్తుంది. కానీ ఈ ఏడాది ఒక కంపెనీ ముందుంటే ఇంకో నాలుగేళ్లకు ఇంకోటి ముందుంటుంది. నలభై ఏళ్ల అభిమానాన్ని గ్రాములు నిలబెట్టవు. డీలరు, సామాన్ల డబ్బా, చేతి అలవాటు నిలబెడతాయి.

5. కింద కొట్లాట, పైన ఒకే గూడు

ఇక్కడ మాకు బాగా నవ్వూ, కొంచెం బాధా కలిగించిన సంగతి చెప్తాం.

స్వీడన్‌లో ఎర్ర రంగు యోన్‌సెరెడ్ అభిమానులు, నారింజ రంగు హస్క్‌వర్నా అభిమానులు అంటే ఉప్పూ నిప్పూ. అమెరికాలోనూ ఈ రెండు వర్గాలున్నాయి. అయితే 1970ల చివరికల్లా ఈ రెండు కంపెనీల చైన్‌సా వ్యాపారమూ ఎలెక్ట్రోలక్స్ అనే ఒకే పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది. ఫ్రిజ్‌లు, వాక్యూమ్ క్లీనర్లు చేసే ఎలెక్ట్రోలక్సే. ఆ తర్వాత వచ్చిన చాలా మోడళ్లలో ఇంజను ఒకటే, పైన ప్లాస్టిక్ మూత రంగు వేరు. ఎర్రదాని కోసం ఒకడు, నారింజదాని కోసం ఒకడు క్యాంపులో వాదించుకుంటుంటే, రెండింటి లాభమూ ఒకే ఖాతాలో పడింది. 2006లో హస్క్‌వర్నా ఎలెక్ట్రోలక్స్ నుంచి విడిపోయినప్పుడు యోన్‌సెరెడ్ పేరు కూడా దానితోనే పోయింది.

మెకల్లాక్ సంగతి చూడండి. ఒక కాలంలో అమెరికా అడవుల్లో పసుపు రంగు మెకల్లాక్ మోత వినపడని చోటు లేదు. దాని యజమాని రాబర్ట్ మెకల్లాక్ ఎంత సంపాదించాడంటే, 1968లో లండన్ నగరం పాత లండన్ బ్రిడ్జిని అమ్మకానికి పెడితే కొని, రాళ్లు ఊడదీయించి, ఓడల్లో తెప్పించి, అరిజోనా ఎడారిలో తను కట్టిస్తున్న ఊళ్లో నిలబెట్టాడు. ఆ బ్రిడ్జి ఇప్పటికీ ఉంది. చైన్‌సా కంపెనీ మాత్రం 1999లో దివాలా తీసింది. చివరికి ఆ పేరు కూడా హస్క్‌వర్నా చేతికే వెళ్లింది. హోమ్‌లైట్ అనే మరో పెద్ద పేరు 1955లో టెక్స్‌ట్రాన్‌కు, 1994లో జాన్ డీర్‌కు, ఆ తర్వాత హాంకాంగ్‌కు చెందిన ఇంకో కంపెనీకి చేతులు మారింది. కొండ పేరు పెట్టుకున్న డోల్మార్‌ను 1991లో జపాన్ కంపెనీ మకీటా కొనేసింది.

ఇంకో మాట. ఏ రంగు మిషనైనా చెట్టుకు తగిలేది చైనే కదా. కాక్స్ ఇంటి కింద మొదలైన ఆరెగన్ చైన్ ఎన్నో కంపెనీల మిషన్ల మీద తిరిగింది. కొట్లాడుకున్న వాళ్ల చేతుల్లో కూడా చాలాసార్లు ఒకే చైన్ ఉంది.

కూలీ తన కష్టార్జితంతో కొన్న మిషన్‌కు విశ్వాసంగా ఉన్నాడు. ఆ విశ్వాసాన్ని పైన ఉన్నవాళ్లు పేరుతో సహా కొన్నారు, అమ్మారు.

6. తెల్లబడ్డ వేళ్లు

ఇప్పటిదాకా చెప్పింది వ్యాపారం. అసలు మేం ఈ పోస్టు రాయడానికి కారణం ఈ భాగం.

1954లో ఒక పెద్ద తుఫాను జపాన్‌లో హొక్కైడో దీవి అడవుల్లో లెక్కలేనన్ని చెట్లను కూల్చేసింది. వాటిని కుళ్లిపోకముందే తీయాలని ప్రభుత్వ అటవీ శాఖ చైన్‌సాలను పెద్దఎత్తున దించింది. కొన్నేళ్లకు కూలీల వేళ్లు చలిలో మైనంలా తెల్లబడటం మొదలైంది. తిమ్మిరి, నొప్పి, చిన్న బొత్తం కూడా పెట్టుకోలేకపోవడం. అక్కడి జనం దాన్ని తెల్ల మైనం జబ్బు అన్నారు. ఇంజను అదురు రోజంతా చేతికి తగిలి, వేళ్లలో సన్నటి రక్తనాళాలు, నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు అది. ముదిరితే పూర్తిగా నయం కాదు. బ్రిటన్‌లో, స్వీడన్‌లో, ఆస్ట్రేలియాలో కూడా డాక్టర్లు ఇదే చూశారు. ఏ కంపెనీ మిషన్ పట్టాడన్నది వేళ్లకు పట్టలేదు. అన్ని రంగులూ అదురుతాయి.

జపాన్ అటవీ కార్మికుల సంఘం ఊరుకోలేదు. 1960ల్లో దీన్ని పని వల్ల వచ్చే జబ్బుగా ప్రభుత్వం చేత ఒప్పించింది. ఆ దశాబ్దం చివరికి మిషన్ పట్టే సమయాన్ని రోజుకు రెండు గంటలకు కట్టడి చేసే ఒప్పందం సాధించింది. అదే సమయంలో కంపెనీలు ఇంజనుకూ పిడికీ మధ్య రబ్బరు దిమ్మలు, తర్వాత స్ప్రింగులు పెట్టి అదురు తగ్గించే పని మొదలుపెట్టాయి. 1970ల మొదట్లో చైన్ బ్రేకు వచ్చింది. బార్ కొన తగిలి మిషన్ మొహం మీదికి ఎగిరినప్పుడు చైన్‌ను ఆపేది అదే. ఈ మార్పుల్లో మేమే ముందంటే మేమే ముందని కంపెనీలు ఇప్పటికీ ప్రకటనల్లో రాసుకుంటాయి. రాసుకోనివ్వండి. ఇంజనీర్ల తెలివి తక్కువేం కాదు. కానీ వేళ్లు పోతున్నాయని గొంతెత్తింది కూలీలు, వాళ్ల సంఘాలు, వాళ్లను పరీక్షించిన డాక్టర్లు. ఆ గొంతు లేకపోతే రబ్బరు దిమ్మలు ఎప్పటికి వచ్చేవో!

స్వీడన్‌లో ఇంకో అడుగు పడింది. 1975లో వేలాది అటవీ కూలీలు తమ యూనియన్ నాయకుల అనుమతి కూడా చూసుకోకుండా సమ్మెకు దిగారు. అడిగింది మంచి మిషన్లు కాదు. కోసిన కొలత మీద కూలి వద్దు, నెల జీతం కావాలన్నారు. ఎందుకంటే, కొలత మీద కూలి ఉన్నంత కాలం మనిషి తొందరపడతాడు. ఇరుక్కున్న చెట్టు కింద నుంచి దూరిపోతాడు, బ్రేకు పనిచేయకపోయినా పూట గడవాలని మిషన్ ఆపడు. జీతం పద్ధతికి మారిన తర్వాత అక్కడి అడవుల్లో తీవ్ర ప్రమాదాలు తగ్గాయి. మిషన్ మారలేదు, మనిషి మారలేదు. డబ్బు ఇచ్చే పద్ధతి మారింది, అంతే.

2002లో యూరప్ దేశాలు చేతికి తగిలే అదురుకు రోజువారీ హద్దు పెడుతూ చట్టం చేసుకున్నాయి. ఇప్పుడు అక్కడ అమ్మే ప్రతి మిషన్ పుస్తకంలో అదురు ఎంతో అంకె వేయాలి. మిషన్ కొనేవాడు సీసీ ఒక్కటే కాదు, ఆ అంకె కూడా చదువుతాడు.

7. మన వైపు చూస్తే

మన చరిత్రలో పనిముట్టు కథ ఇంకోలా మొదలైంది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత మన్యంలో రిజర్వు గీతలు పడ్డాయి, పోడు నేరమైంది. ఆ తర్వాత వచ్చిన అటవీ చట్టాల్లోనూ అడవిలో తప్పు జరిగిందనుకుంటే కలపతో పాటు పనిముట్లను, బండిని కూడా పట్టుకుపోయే అధికారం ఉంది. మన తాతల గొడ్డలి జప్తు వస్తువు. అదే అడవిని కూపులుగా వేలం వేసినప్పుడు కాంట్రాక్టరు కింద అదే తాతల చేతికి గొడ్డలి ఇచ్చి కొట్టించారు. చెయ్యి మనదే, గొడ్డలి మనదే. ఎప్పుడు నేరం, ఎప్పుడు కూలి అన్నది మాత్రం ఇంకొకళ్లు చెప్పారు.

1988 జాతీయ అటవీ విధానం కాగితం మిల్లుల్లాంటి వాటిని ముడిసరుకు కోసం రైతుల పొలాల వైపు చూడమంది. అలా జామాయిల్, సుబాబుల్ పొలాల్లోకి వచ్చాయి. కోతకు మన యువకులు పోతున్నారు. ఇప్పుడు చేతిలో కటింగ్ మిషన్. కొందరు సొంతంగా కొంటారు, అప్పు చేసి మరీ. ఎక్కువమందికి మిషన్ మేస్త్రిదో కాంట్రాక్టరుదో. కూలి మాత్రం టన్ను లెక్కే, 1975కు ముందు స్వీడన్‌లో ఉన్నట్టు. పేరున్న మిషన్లను చూసి చేసిన చవక నకళ్లు కూడా బజార్లో దొరుకుతున్నాయి. వాటిలో అదురు ఎంతో, బ్రేకు పడుతుందో లేదో చూసుకొని కొనే పరిస్థితి కూలీకి లేదు. చెప్పులతో, లుంగీతో, చెవుల్లో దూది కూడా లేకుండా మిషన్ పట్టిన అన్నలను మేం చూస్తూనే ఉన్నాం. మీరూ చూసే ఉంటారు. తెలుగులో బాధ పెట్టడాన్ని రంపపు కోత అంటారు. ఇక్కడ ఆ మాట సామెత కాదు.

అందుకని "ఏ కంపెనీ మంచిది?" అన్న ప్రశ్న తప్పు కాదు గానీ, అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మిషన్ ఎవరి డబ్బుతో కొన్నది? ఆగిపోయిన పూటకు కూలి ఉందా? గ్లవ్స్, బూట్లు, చెవి మూతలు ఎవరు ఇవ్వాలి? టన్ను రేటు ఎవరు కట్టారు?

రేటు మనమే కట్టుకోవచ్చని చూపించిన ఊరు కూడా ఉంది. మన తెలంగాణకు ఆనుకొనే ఉన్న గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరు, 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పొంది, 2011లో తన అడవి వెదురును తానే అమ్ముకుంది. కొట్టే కూలి ఎంతో గ్రామసభ కూర్చొని నిర్ణయించింది. అక్కడ చైన్‌సా లేదు, కొడవలి, కత్తే. పనిముట్టు పాతదే, లెక్క మాత్రం కొత్తది.

చివరగా అందరికీ మూడు పనులు.

ఒకటి. మీ ఇంట్లోనో ఊళ్లోనో మిషన్ పట్టే అన్న, బాబాయ్, మామ ఉంటే, చలికాలం పొద్దున వేళ్లు తెల్లబడుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా అని అడగండి. అవునంటే డాక్టరుకు చూపించమనండి. "మిషన్ పని చేస్తాను" అని డాక్టరుకు చెప్పమనండి. అది చెప్పకపోతే మామూలు తిమ్మిరి అనుకొని బిళ్లలు ఇచ్చి పంపుతారు. బీడీ కూడా తగ్గించమనండి, అది రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది.

రెండు. మిషన్ పిడి దగ్గర రబ్బరు దిమ్మలు చిరిగాయేమో, చైన్ బ్రేకు పడుతుందో లేదో చూడమనండి. చైన్ మొద్దుబారితే అదురు పెరుగుతుంది కాబట్టి ఆకురాయి దగ్గరే ఉంచుకోమనండి. ఇవి అన్ని కంపెనీలకూ వర్తిస్తాయి.

మూడు. గొడ్డలిని, గొడ్డలి భాగాలను, చెట్టు ఒరిగే దిక్కును, కొట్టే ముందు అరిచే కేకను మీ భాషలో ఏమంటారో కింద రాయండి. కోయ, గోండి, కొలామి, కొండరెడ్ల మాట, సవర, కువి, ఏదైనా సరే. ఊరి పేరు కూడా పెట్టండి. అన్నీ ఒకచోట చేర్చి మళ్లీ పోస్టు పెడతాం. మిషన్ల పేర్లు కంపెనీలు భద్రంగానే దాచుకుంటాయి. మన మాటలు మనమే దాచుకోవాలి.

జై ఆదివాసీ. జోహార్.